ధ్యానం వేళకు చుట్టాలొస్తే
సందేహాలు - సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఓబులదేవరచెరువు, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నుంచి వచ్చినవే ఎక్కువ. అడిగిన తీరు వేరైనా అందరి ఇబ్బందీ దాదాపు ఒకటే. యోగా చేస్తున్నాం, కళ్లు మూసుకుని కూర్చుంటున్నాం, మరి రోజులో అనుకోనిది ఎదురైతే ఎందుకు బిగుసుకుపోతున్నాం? మొదటి ఉత్తరానికి కాస్త ఎక్కువ చోటు ఇచ్చాను. అందులో చెప్పినవి మిగతా వాళ్లకూ పనికొస్తాయి.

ఓబులదేవరచెరువు మండలంలో ప్రభుత్వ బడి ఉపాధ్యాయినిని. నాలుగేళ్లుగా తెల్లవారుజామున నలభై నిమిషాలు ధ్యానం, అరగంట ఆసనాలు తప్పకుండా చేస్తున్నాను. నిద్ర బాగా పడుతోంది, నడుం నొప్పి తగ్గింది. కానీ చుట్టాలు చెప్పకుండా వస్తే ఒళ్లు మండుతోంది. బడిలో చివరి నిమిషంలో డ్యూటీ మారిస్తే రోజంతా పాడైపోతుంది. "పద, కదిరి తేరు చూసొద్దాం" అని మా ఆయన అంటే, మర్నాడు ధ్యానం తప్పుతుందని వెళ్లలేదు. పెళ్లికి ముందు నేనిట్లా ఉండేదాన్ని కాదు. ధ్యానం మనిషిని మెత్తబరచాలి కదా?

తల్లీ, నీలో వచ్చిన మార్పును నువ్వే గమనించి రాశావు. నాలుగేళ్ల సాధన వృథా కాలేదనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ధ్యానం చేసేవాళ్లలో చాలామందికి ఈ సంగతి ఇంట్లోవాళ్లు చెబితే గానీ తెలియదు.

ఇక అసలు విషయం. నువ్వు ధ్యానంలో ఉన్నప్పుడు కుక్కర్ కూత పెడుతుంది, గుడి మైకు మోగుతుంది, పక్కింటి మోటారు ఆన్ అవుతుంది. అప్పుడు నువ్వేం చేస్తున్నావు? పళ్లు బిగబట్టి ఆ చప్పుడును అవతలకు నెట్టేసి, శ్వాస మీదికి మనసును లాక్కొస్తున్నావని నా అనుమానం. అలా రోజూ నలభై నిమిషాలు చేస్తే మనసుకు అలవాటయ్యేది ప్రశాంతత కాదు. బయటి నుంచి వచ్చే ప్రతిదీ శత్రువే అన్న భావం అలవాటవుతుంది. కళ్లు తెరిచాక గడపలో నిలబడిన మేనత్త కూడా ఆ కుక్కర్ కూత లెక్కలోకే వస్తుంది. నువ్వు ధ్యానం తక్కువ చేసి కఠినంగా మారలేదు. నెట్టివేయడం బాగా సాధన చేశావు, అది బాగా వచ్చింది.

పతంజలి యోగసూత్రాల మొదటి పాదంలో, పన్నెండో సూత్రంలో, అభ్యాసాన్నీ వైరాగ్యాన్నీ ఒకే చోట పెట్టాడు. రెండూ కలిస్తేనే మనసు నిలుస్తుందన్నది ఆయన లెక్క. మనలో చాలామందిమి అభ్యాసాన్ని తీసుకుంటాం, వైరాగ్యమంటే కాషాయం కట్టుకోవడం అనుకుని దాన్ని సన్యాసులకు వదిలేస్తాం. పట్టు సడలించగలగడమే వైరాగ్యం. దేని మీది పట్టు అంటే, నా ధ్యానం, నా వేళ, నా చాప అనే పట్టు కూడా అందులోకే వస్తుంది. ఆయన చెప్పిన ఐదు చిత్తవృత్తుల్లో, అంటే మనసు కదలికల్లో, చివరిది స్మృతి, అంటే జ్ఞాపకం. నీ చిక్కు అక్కడే ఉంది. ఈ ఉదయం ఎట్లా గడవాలో నిన్న రాత్రే మనసులో ఒక బొమ్మ గీసుకుంటావు. చుట్టాల రాకతో చెదిరేది ఆ బొమ్మ. నీకు కోపం వచ్చేది దానికోసం. వచ్చిన మనిషిని నువ్వు ఇంకా సరిగ్గా చూడను కూడా లేదు.

రేపటి నుంచి ఇలా మార్చి చూడు. నలభై నిమిషాల్లో మొదటి సగం ఎప్పటిలాగే శ్వాస మీద ఉండు. తర్వాతి సగంలో దేని మీదా మనసు పెట్టకు. చప్పుడు వస్తే వినిపించనీ. అది ఏమిటో, ఎవరు చేశారో పేరు పెట్టబోకు. ఒంటి మీద దురద, వంటింటి వాసన, బడి గురించిన ఆలోచన, ఏది వచ్చినా వచ్చి పోనీ. మొదట్లో నాలుగైదు రోజులు ధ్యానం చెడిపోయినట్టే అనిపిస్తుంది. ఆగకు. వారంలో ఒక రోజు వేళ మార్చు, చోటు మార్చు. అరుగు మీదో, బడి ఆవరణలో చెట్టు కిందో, కదిరి బస్సు కోసం నిలబడ్డ చోటో సరిపోతుంది. అక్కడ కళ్లు కూడా మూసుకోనక్కర్లేదు, అరికాళ్లు నేలను తాకడం తెలిస్తే చాలు. ఇంకో రోజు ఆసనాల వరస పక్కన పెట్టు. చాప మీద వెల్లకిలా పడుకుని, ఒళ్లు ఎటు సాగాలనుకుంటే అటు నెమ్మదిగా సాగనివ్వు. రోజూ చేసే ఆసనాల్లో ఎప్పుడూ కదలని మూలలు ఒంట్లో చాలా ఉన్నాయని నీకే తెలుస్తుంది.

చుట్టాలు గడప తొక్కిన క్షణంలో ఊపిరిని మూడుసార్లు నిదానంగా, పొడుగ్గా వదులు. వదిలే శ్వాస పొడుగైనప్పుడు గుండె వేగం కొద్దిగా తగ్గుతుంది, ఇది శరీరధర్మం, నమ్మకంతో పని లేదు. ఆ కాస్త జాగాలో "ఇప్పుడు ఏం కావాలి?" అన్న ఒక్క ప్రశ్న వేసుకో. చాలాసార్లు జవాబు చిన్నదే. బొరుగులు నానబెడితే ఉగ్గాని పది నిమిషాల పని. కోపం వచ్చేసిందా, వచ్చింది. దాని మీద మళ్లీ ఇంకో కోపం తెచ్చుకోకు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఆడవాళ్లకు వచ్చే ప్రతి కోపమూ సాధనలో లోపం కాదు. చుట్టాలు రాగానే పనంతా నీ ఒక్కదాని నెత్తినే పడి, మీ ఆయన కబుర్లలో కూర్చుంటే, ఆ మంట ఇంట్లో పని పంపకం సరిగ్గా లేదని చెబుతోంది. దాన్ని ధ్యానంతో మింగేయకు. "ఉగ్గాని నేను చేస్తా, బజ్జీలు నువ్వు వెయ్యి" అని ఆయనతో చెప్పు. ఆ మాట జంకు లేకుండా అప్పటికప్పుడు నోట రావడం కూడా నేను చెబుతున్న సహజత్వమే.

వచ్చే ఏడు కదిరి తేరుకు వెళ్లు. నరసింహస్వామి తేరు కదిలే వేళ ఆ జనసముద్రంలో నిలబడి చూడు. మర్నాడు పొద్దున ఐదు నిమిషాలు కూర్చున్నా సాధన తెగినట్టు కాదు.

పెనుకొండలో డిగ్రీ చదువుతున్నాను. ఈ క్షణంలో బతకాలని వీడియోల్లో విని, మనసుకు ఏది తోస్తే అది చేయడం మొదలుపెట్టాను. తోస్తే రాత్రికి రాత్రే బెంగళూరు వెళ్తాను. నచ్చకపోతే ముఖం మీదే చెప్పేస్తాను. ఈమధ్య కంతుల మీద బండి కొన్నాను. ఇంట్లో బాధ్యత లేదంటున్నారు. స్పాంటేనియస్‌గా ఉండడం తప్పా?

నాయనా, తప్పు కాదు. అయితే నువ్వు చేస్తున్నది అదేనా అన్నది చూడాలి. యోగశాస్త్రంలో సంస్కారం అని ఒక మాట ఉంది. ఏ పని పదేపదే చేసినా లోపల ఒక జాడ పడుతుంది, ఆ జాడే తర్వాత కోరికై పైకి లేస్తుంది. అప్పుడు అది కొత్తగా, ఇప్పుడే పుట్టినట్టు అనిపిస్తుంది. నిజానికి అది మనలో అన్నిటికన్నా పాతది. చేయి దానంతటదే ఫోను మీదికి పోవడం చూడు. అందులో నీ స్వేచ్ఛ ఎంత? బండి కోరిక నీలో పుట్టిందా, తోటివాళ్ల బండ్లు చూశాక వచ్చిందా? నిన్ను నువ్వే అడుగు, నాకు జవాబు రాయనక్కర్లేదు.

మీకు దగ్గర్లోనే, ధర్మవరం పక్కన నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మలాట కళాకారుల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఎప్పుడైనా ఆట పూర్తిగా చూడు. రామాయణ ఘట్టం నడుస్తుంటుంది, పద్యం, రాగం, తాళం అన్నీ తాతల నుంచి వచ్చినవే. మధ్యలో కేతిగాడు, బంగారక్క తెర మీదికి వస్తారు. ఇక ఆ ఊరి సంగతులు, ఆ రోజు సంగతులు, ముందు వరసలో కూర్చున్న పెద్దాయన మీద ఛలోక్తులు మొదలవుతాయి. వాటికి కాగితం మీద రాత ఉండదు. అయినా ఏ మాట దగ్గర ఆపాలో, ఎవరిని నొప్పించకూడదో, కథలోకి ఎప్పుడు తిరిగి వెళ్లాలో ఆ కళాకారుడికి తెలుసు. చేతిలో బొమ్మ, కాలి కింద తాళం వేసే చెక్క, నోట మాట, అన్నీ ఒకేసారి నడుస్తాయి. చిన్నప్పటి నుంచి తెర వెనక కూర్చుని నేర్చినవాడికే ఆ చనువు వస్తుంది. తెర వెనక ఉన్నా ఎదుటివాళ్ల నాడి పట్టుకుని మాట్లాడతాడు కాబట్టి ఆ మాట పేలుతుంది. నువ్వు ముఖం మీదే చెప్పేస్తున్నప్పుడు ఎదుటి ముఖాన్ని చూస్తున్నావా?

నీకు నేను చెప్పేది ఒక్క చిన్న పని. ఏదైనా చేసెయ్యాలని బలంగా తోచినప్పుడు కదలకుండా పది శ్వాసలు లెక్కపెట్టు. ఆవేశమైతే ఆ పది శ్వాసల్లో తొందరపెడుతుంది, నసుగుతుంది, సాకులు చెబుతుంది. నిజంగా చేయాల్సిన పని అయితే ఆగినందుకు ఏమీ అనుకోదు. ఆ పని చెయ్యి, ఎవరినీ అడగనక్కర్లేదు. బండి కంతులు మాత్రం తప్పకుండా కట్టు. దానికి ధ్యానంలో మినహాయింపు లేదు.

ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాను. పొద్దున మగ్గం గుంటలో దిగితే రాత్రి వరకూ అక్కడే. జకార్డు అట్టలు ఏది చెబితే అదే డిజైను, ఒక్క పోగు నా ఇష్టం కాదు. మా బోటివాళ్లకు సహజంగా, స్వేచ్ఛగా ఉండమని చెప్పడం ఎగతాళి కాదా? నడుం ఇప్పటికే పోయింది. ధ్యానానికి మళ్లీ కూర్చోమంటారా?

కూర్చోవద్దు, అన్నా. రోజంతా కూర్చునేవాడికి పద్మాసనం చెప్పడం నాకు చేత కాదు. పతంజలి ఆసనం గురించి చెప్పినవి రెండో పాదంలో మూడే మూడు సూత్రాలు, 46 నుంచి 48 వరకు. వాటిలో ఏ ఆసనం పేరూ లేదు. స్థిరంగా, సుఖంగా ఉండాలన్నాడు. అది కుదరాలంటే ప్రయత్నం సడలాలన్నాడు. నీకు ఆ సుఖం పడుకుంటే వస్తుంది. రాత్రి పని అయ్యాక నేల మీద వెల్లకిలా పడుకుని, పిక్కలు మంచం మీదో కుర్చీ మీదో పెట్టి పది నిమిషాలు అట్లాగే ఉండు. నడుం నేలకు ఆనడం నీకే తెలుస్తుంది. పొద్దున మగ్గంలో దిగేముందు వీధి చివరిదాకా నిదానంగా, అడుగు అడుగూ తెలిసేలా నడిచిరా. ఇవే నీ ధ్యానం.

పని మధ్యలో కూడా ఒక చోటు ఉంది. నాడెలో కండె అయిపోయి కొత్తది పెట్టే ప్రతిసారీ చేతులు ఒళ్లో పెట్టుకుని, భుజాలు దించి, తలుపు బయట కనబడినంత దూరం చూపు సారించి, మూడుసార్లు ఊపిరి పూర్తిగా వదులు. అర నిమిషం కూడా పట్టదు. మళ్లీ నేతలో పడ్డాక దవడ గమనించు. నాడె తాడు లాగడానికి దవడ బిగించనక్కర్లేదు, కానీ చాలామంది నేతగాళ్లు బిగిస్తారు. సూత్రంలో చెప్పిన సడలవలసిన ప్రయత్నం అదే. పనికి అక్కర్లేని బలం.

ఒక్క పోగు నా ఇష్టం కాదు అన్నావు. పడుగులో పోగు తెగినప్పుడు ఏమవుతుందో గుర్తు తెచ్చుకో. కన్ను దాన్ని పట్టుకుంటుంది, కాలు ఆగుతుంది, ఆలోచన పుట్టేలోపే వేళ్లు ముడి వేసేస్తాయి. పెద్ద పెద్ద సాధకులు కోరుకునే స్థితిలో నువ్వు రోజుకు ఎన్నిసార్లు ఉంటున్నావో! అది నీకు చేతకానిదని ఎవరైనా అంటే నమ్మకు. ఆ సిద్ధంగా ఉండే గుణాన్ని మగ్గం బయటికి, ఇంట్లో పిల్లలతో గడిపే గంటలోకి తెచ్చుకోగలవా అన్నదే ప్రశ్న.

కాలు తిమ్మిరెక్కడం, నొప్పి పిరుదు నుంచి పాదం దాకా దిగడం ఉంటే మాత్రం ఆసనాలతో కాలయాపన చేయకుండా డాక్టరుకు చూపించు. కూలి చాలకపోవడానికి జవాబు సంఘంలో, బేరంలో దొరకాలి, శ్వాసలో కాదు.

మాది ఓబులదేవరచెరువు దగ్గర పల్లె. చెనక్కాయ వేస్తాం. ధ్యానం చెప్పడానికి వచ్చినాయన "రేపటి గురించి ఆలోచించవద్దు" అన్నాడు. రేపటి గురించి ఆలోచించకపోతే సేద్యం ఎట్లా చేయాల?

మీ మాటే నిజం. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, అదీ సమంగా పడదు. అలాంటి నేల మీద సేద్యం చేసేవాడికి ముందుచూపు వద్దని చెప్పడం అన్యాయం. పదును దొరికిన రెండు మూడు రోజుల్లో విత్తనం పడాలి. అది ఏ రోజో ఎవరికీ తెలియదు. తెలియకపోయినా కాయలు ఒలిచి, విత్తనశుద్ధి చేసి, గొర్రు బాగు చేయించి కూర్చుంటారు. వాన రాత్రి రెండింటికి పడితే తెల్లారేసరికి చేలో ఉంటారు. సిద్ధంగా ఉండడం, వచ్చినదానికి అప్పుడే లేవడం, ఈ రెండూ మీకు ముందే తెలుసు. గీత చెప్పిన కర్మయోగానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు. విత్తే వరకు పని మీది, మొలిచాక మబ్బుది.

ధ్యానం మీకు సాయపడగలిగేది ఒక్క చోట. విత్తిన తర్వాత నలభై రోజులు వాన లేనప్పుడు, రాత్రుళ్లు అదే లెక్క మళ్లీ మళ్లీ తిరుగుతుంది. ఆ లెక్క పగలు ఒకసారి కాగితం మీద వేసుకోండి. రాత్రి అది మళ్లీ వచ్చినప్పుడు, ఇది ఆలోచన, పని కాదు అని గుర్తుపట్టి, పొట్ట మీద చేయి పెట్టుకుని శ్వాస ఎక్కి దిగడం చూడండి. వానను తెప్పించే ధ్యానం, అప్పు తీర్చే ధ్యానం లేవు. ఉన్నాయని ఎవరన్నా చెబితే వాళ్లకు డబ్బు ఇవ్వకండి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీకు కాకపోయినా ఊళ్లో ఇంకెవరికైనా ఆ నంబరు అవసరం కావచ్చు, రాసి పెట్టుకోండి.

హిందూపురం నుంచి రాస్తున్నాను. పతంజలి దీర్ఘకాలం అభ్యాసం చేయాలంటాడు. జిడ్డు కృష్ణమూర్తి ఏ పద్ధతీ మనిషిని స్వేచ్ఛకు చేర్చదంటారు. ఇద్దరి మాటా ఒప్పు ఎట్లా అవుతుంది? ఎవరి మాట వినాలి?

నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న అడిగారమ్మా. కృష్ణమూర్తి మనకు దూరపువాడు కాదు. 1895లో మదనపల్లెలో పుట్టారు. తన కోసమే కట్టిన ప్రపంచ సంస్థను, ఆర్డర్ ఆఫ్ ది స్టార్‌ను, 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో వేలమంది ఎదుట రద్దు చేశారు. అప్పటికి ఆయనకు 34 ఏళ్లు. చేతికందిన గద్దెను అట్లా వదిలిన మనిషి పద్ధతుల గురించి హెచ్చరిస్తే వినాల్సిందే. ఆయన భయం ఇది: ఫలితం ముందే అనుకుని సాధన చేస్తే, చివరికి దొరికేది మనం అనుకున్నదే, కొత్తది కాదు. మొదటి ఉత్తరంలోని ఉపాధ్యాయిని అనుభవం అదే చెబుతోంది.

ఒక సంగతి చాలామందికి తెలియదు. అదే కృష్ణమూర్తి బి.కె.ఎస్. అయ్యంగార్ దగ్గర, తర్వాత టి.కె.వి. దేశికాచార్ దగ్గర ఆసనాలు, ప్రాణాయామం నేర్చుకున్నారు, ముసలితనంలోనూ సాధన చేశారు. శరీరాన్ని సున్నితంగా, మెలకువగా ఉంచుకోవడానికి పద్ధతి కావాలి. చూడడానికి, వినడానికి పద్ధతి అక్కర్లేదు. ఆయన బతుకు నుంచి నేను తీసుకున్నది ఇంతవరకే.

పద్ధతీ స్వేచ్ఛా ఒకరిలోనే కలవడం చూడాలంటే వేమన ఉన్నాడు. కదిరికి దగ్గర్లో, గాండ్లపెంట మండలం కటారుపల్లిలో ఆయన సమాధి ఉంది. ఆయన కాలం గురించి పండితులు ఇంకా వాదించుకుంటున్నారు, ఆ వాదన ఇక్కడ వద్దు. సి.పి. బ్రౌన్ సేకరించి 1829లో అచ్చు వేయించిన ఆ పద్యాల్లో చాలా దెబ్బలు దొంగ సాధకుల మీదే పడతాయి. స్నానాలు, తీర్థాలు, ఒళ్లు వంచే విన్యాసాలు, మనసు కదలకుండా ఉండడం తెలియకపోతే ఏవీ పనికిరావంటాడు. అయితే ఆయన చెప్పిన ఆటవెలది చూడండి. గణం తప్పదు, యతి తప్పదు. ఆ కొలతలు ఒంట బట్టినవాడు కాబట్టే రచ్చబండ దగ్గర మాట్లాడే తెలుగు అందులో అంత హాయిగా ఇమిడింది. ఛందస్సు నేర్చుకున్నట్టు ఎక్కడా కనిపించదు, ఛందస్సు లేని చోటు ఒక్కటీ ఉండదు.

కాబట్టి ఇద్దరిలో ఒకరిని ఎంచుకోమంటే నేను ఒప్పుకోను. మొదలుపెట్టేవాళ్లు పతంజలిని పట్టుకోవాలి, రోజూ ఒకే వేళకు కూర్చోవాలి. కొన్నేళ్లు గడిచి, సాధన మీద గర్వం, బిగువు వచ్చినవాళ్లు కృష్ణమూర్తిని చదవాలి. ఇది నా అభిప్రాయం, ఆయన శిష్యులు (ఆయన ఆ మాట ఒప్పుకోరు గానీ) కాదంటారని తెలుసు. వీలైతే ఒక ఆదివారం కటారుపల్లి వెళ్లి రండి, ముందే ఏమీ అనుకోకుండా.

హిందూపురంలో రిటైర్డ్ ఉద్యోగిని. బీపీ ఉంది, మాత్రలు వాడుతున్నాను. కుంభకం చేస్తే ధ్యానం త్వరగా కుదురుతుందని ఒకరు చెప్పారు. చేయవచ్చా?

చేయవద్దండీ. బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టే ప్రాణాయామాలు, వేగంగా చేసే భస్త్రిక, కపాలభాతి సొంతంగా మొదలుపెట్టకూడదు. కుర్చీలో వీపు ఆనించి కూర్చుని, ముక్కుతో నాలుగు అంకెలు లోపలికి, ఆరు అంకెలు బయటికి, మధ్యలో ఆపకుండా, పూటకు పది నిమిషాలు చేయండి. అంకెలు ఇబ్బంది పెడితే మూడు, నాలుగుకు తగ్గించండి. తల తిరిగితే ఆపేయండి. మాత్రలు మానవద్దు. రెండు నెలల తర్వాత బీపీ చూపించుకుని, మోతాదు మార్చాలో లేదో మీ డాక్టరునే నిర్ణయించనివ్వండి.